పేరు కాదు, ఆకు చూసి కొనండి: రైతు బజారులో ద్రవ్యపరిచయం

చరక సంహిత సూత్రస్థానంలోని 27వ అధ్యాయానికి అన్నపానవిధి అని పేరు. మనుష్యుడు తినే, త్రాగే పదార్థాలన్నింటినీ మహర్షి అక్కడ 12 వర్గాలుగా విభజించి వాటి గుణదోషాలను వివరించాడు. ఆకుకూరలు, కాయగూరలు శాకవర్గంలో వస్తాయి. అల్లం, ముల్లంగి, వెల్లుల్లి వంటివి హరితవర్గంలో వస్తాయి. ఆ అధ్యాయ ప్రారంభంలోనే ఒక మాట ఉంది. రంగు, వాసన, రుచి, స్పర్శ మనస్సుకు ఇష్టమైనవిగా ఉండి, విధిపూర్వకంగా స్వీకరించిన అన్నపానాలే ప్రాణులకు ప్రాణమని దాని భావం.

ఇది కంచంలో వడ్డించిన అన్నానికి సంబంధించిన మాట అని చాలాకాలం నేను అనుకొన్నాను. నా దగ్గర చదువుకొన్న వారికి కూడా అలాగే చెప్పాను. కాని రంగు, వాసన, స్పర్శ అనేవి కంచం దగ్గర మొదలు కావు. పదార్థాన్ని ఎంచి తెచ్చుకొనే చోటనే మొదలవుతాయి. ఈ సంగతి నాకు బోధపడిన చోటు ఏ గ్రంథాలయమో, విద్వత్సభయో కాదు. విశాఖపట్నంలోని ఎం.వి.పి. కాలనీ రైతు బజారు. అక్కడ నేను నేర్చుకొన్న పాఠాన్ని, నా వలన జరిగిన ఒక పొరపాటుతో సహా, పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మా గురువుగారు ద్రవ్యగుణ పాఠాన్ని పుస్తకంతో మొదలుపెట్టేవారు కారు. తెల్లవారుజామున చెరువుగట్టు మీద నడిపిస్తూ ఒక ఆకు తుంచి మా అరచేతిలో పెట్టి, కళ్ళు మూసుకోమనేవారు. మొదట వేళ్ళతో తడమాలి. తరువాత నలిపి వాసన చూడాలి. ఆయన సరేనన్న తరువాతనే నాలుకకు తాకించాలి. ఆ పిమ్మట కళ్ళు తెరచి ఆకు ముందు, వెనుక, కాడ, కణుపు, పువ్వు పరిశీలించాలి. పేరు చిట్టచివర చెప్పేవారు. తొందరపడి ముందే పేరు అడిగిన వానికి ఆ పూట పాఠం ఉండేది కాదు. ‘పేరు ఊరూరికీ మారుతుందిరా, ఆకు మారదు’ అని ఆయన అనే మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పట్టణాలలో ఇప్పుడు అటువంటి గట్లు ఎక్కడున్నాయి? ఉన్నా, మురుగు కలిసిన నీటి ప్రక్కన పెరిగిన ఆకును నేను ఎవరికీ తినమని చెప్పను. కనుక పట్టణవాసికి ద్రవ్యపరిచయం చేసుకొనే అవకాశం మిగిలిన చోటు రైతు బజారు ఒక్కటే.

ఈ బజార్లు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ప్రారంభమైనాయి. పంజాబులో 1987లోనే ‘అప్నీ మండీ’ పేరుతో ఇటువంటి ప్రయత్నం జరిగింది. 1999 నవంబరులో తమిళనాడు ‘ఉళవర్ సందై’ ప్రారంభించింది. పండించినవాడు, తినేవాడు మధ్యలో దళారి లేకుండా ఎదురెదురుగా నిలబడాలన్నది వీటి ఉద్దేశం. రైతుకు ఫోటోతో గుర్తింపు కార్డు ఇస్తారు. ఆనాటి ధరలను టోకు ధరకు పైన, చిల్లర ధరకు దిగువన ఉండేటట్లు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. గృహస్థులు సహజంగా ఆ ధరల బోర్డునే చూస్తారు. నా దృష్టిలో అంతకంటె విలువైనది వేరొకటి ఉంది. ‘ఇది ఎక్కడ పండింది? ఎప్పుడు కోశారు? ఎలా వండుతారు?’ అని అడిగితే జవాబు చెప్పగల మనిషి అక్కడ ఎదురుగా కూర్చొని ఉంటాడు. సామాన్యంగా ఆ మనిషి స్త్రీయే అయి ఉంటుంది.

వారంలో రెండు రోజులు ఉదయం 6 గంటలకు అక్కడికి వెళ్ళడం నాకు ఎన్నో ఏళ్ళుగా అలవాటు. ఆ వేళకు ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి వచ్చిన గంపలు అప్పుడే దించుతూ ఉంటారు. తడిగోనె సంచులు విప్పగానే వచ్చే వాసన ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. కొత్తిమీర వరుస దాటితే మెంతికూర చేదు వాసన. దానిని దాటితే పచ్చి మట్టితో ఉన్న చామదుంపలు, కంద. ఆకుకూరల మీద చల్లిన నీళ్ళు కట్టల మీద నుంచి కారుతూ ఉంటాయి. లేత బెండకాయ కొస విరిచి చూసేవారిని అమ్మే ఆవిడ కేకలు వేయడం, కేకలు వేస్తూనే వారికి తూచి ఇవ్వడం రోజూ చూసే వినోదం. తూకం అయిన తరువాత కొసరుగా నాలుగు రెబ్బల కరివేపాకు వేయించుకోనిదే మన గృహిణులకు తృప్తి ఉండదు. ధర బోర్డు మీద రాసి ఉన్నా కొసరు మాత్రం బోర్డుకు లొంగలేదు. నాకు ఇది చూడడం ఎంతో ఇష్టం.

మందాగ్నితో బాధపడే కొందరికి నేను మందుతో పాటు ఈ నడక కూడా చెబుతాను. ఏమీ తినబుద్ధి కావడం లేదనే మనిషి, పొద్దున్నే ఈ వరుసల మధ్య అరగంట తిరిగి, తనకు నచ్చిన కూర తానే ఎంచి తెచ్చుకొంటే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినడం నేను చాలామందిలో చూశాను. భార్య పోయిన తరువాత అన్నం మీద ధ్యాస లేక చిక్కిపోయిన ఒక పెద్దమనిషికి మూడు వారాలు నేను ఇచ్చినది ఇదొక్కటే. ఆయన ఇప్పుడు వంకాయల విషయంలో నాకే సలహాలు చెబుతారు.

ఋతువు అంటే ఏమిటో పంచాంగం చూడకుండా తెలిసేది కూడా ఇక్కడే. ఈ వ్యాసం రాస్తున్నది శ్రావణ మాసంలో. వరుసలలో ఇప్పుడు ఆకాకర కాయలు వచ్చాయి. నిఘంటువులలో దీనికి కర్కోటకి అని పేరు. వానలు కురిసిన తరువాతనే ఇవి కనబడతాయి, నాలుగు నెలలు తిరగకుండానే మాయమవుతాయి. పప్పులో పులుపుకు వాక్కాయలు వచ్చాయి. వాటిని కోసినప్పుడు వచ్చే జిగురుపాలను బాగా కడిగి, గింజ తీసి వాడుకోవాలి. ఆషాఢంలో మునగాకు కొన్నవారు ఇప్పుడు దాని జోలికి పోవడం లేదు. గోంగూర పుష్కలంగా ఉంది. అది పుల్లనిది, పిత్తాన్ని పెంచేది. కడుపులో మంట, పుల్లత్రేన్పులు ఉన్నవారు దాని రుచికి లొంగిపోకుండా ఉంటే మంచిది. కార్తికంలో ఉసిరి, సంక్రాంతి ముందు తేగలు, చిక్కుళ్ళు, ఎండలు ముదిరితే చింతచిగురు, తాటిముంజలు. ఒక్క సంవత్సరం క్రమం తప్పకుండా బజారుకు వెళ్ళినవారికి వాగ్భటుని ఋతుచర్యాధ్యాయం సగం అర్థమైనట్లే.

వాగ్భటుడే విడిచిపెట్టవలసిన ధాన్యశాకాలను కూడా చెప్పాడు. పురుగు తిన్నవి, నీట మునిగినవి, తగని నేలలో పుట్టినవి, ఋతువు కాని ఋతువులో వచ్చినవి, నిలవ ఉండి సత్తువ పోయినవి తినదగవు. వానాకాలంలో ఈ మాటలు మరింత గుర్తుంచుకోవాలి. రైతు స్వయంగా అమ్ముతున్నాడు గనుక పురుగుమందు కొట్టలేదని అనుకోవడం అమాయకత్వం. ఆషాఢ శ్రావణాలలో మచ్చ లేకుండా తెల్లగా మెరిసే కాలీఫ్లవరు చూస్తే నాకు ఆనందం కలగదు, అనుమానం కలుగుతుంది. అలాగే కొండ మీద పండే క్యారెట్టు, మైదానంలో పండే దొండ, ఎక్కడి నుంచో వచ్చిన బంగాళాదుంప అన్నీ ఒకే గంపలో అమ్మే మనిషి వాటినన్నింటినీ పండించి ఉండడు. అటువంటి వారు కూడా బజారులోకి చేరుతుంటారు. అడిగితే తడబడతారు.

ఇక అసలు పాఠం.

రెండు గలిజేర్లు

సుమారు పదిహేనేళ్ళ క్రిందట, డెబ్బై ఏళ్ళు దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని పాదాల వాపుతో నా దగ్గరకు వచ్చారు. గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు అప్పటికే చేయించారు. పెద్ద దోషం లేదన్నారు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఒకటి రోజూ వాడుతున్నారు. నేను ఆహారంలో ఉప్పు తగ్గించమని చెప్పి, వారానికి రెండుసార్లు పెసరపప్పుతో ఎర్ర గలిజేరు కూర వండుకోమని చీటీ మీద రాసి ఇచ్చాను. ఎర్ర గలిజేరు అంటే నా ఉద్దేశం పునర్నవ. వాపును తగ్గించే ద్రవ్యాలలో శాస్త్రం దానికి పెద్ద పీట వేసింది. మా ప్రాంతంలో దానినే అటికమామిడి అంటారు.

ఆవిడ మనుమడు వీధిలోకి వచ్చే బండివానికి చీటీ చూపించాడు. బండివాడు ఎర్ర కాడలున్న ఒక కట్ట ఇచ్చాడు. గుణం త్వరగా కనబడాలని ఆవిడ వరుసగా నాలుగు రోజులు, ముదురు ఆకులతో సహా, పెద్ద మోతాదులో తిన్నారు. అయిదవ రోజు విరేచనాలు పట్టుకొన్నాయి. అసలే మూత్రం పోయే మాత్ర వేసుకొంటున్న శరీరం. నీరంతా పోయి కళ్ళు తిరిగి పడిపోయారు. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైను ఎక్కించవలసి వచ్చింది. నేను చూడడానికి వెళితే, వాడగా మిగిలిన ఆకును కాగితంలో చుట్టి నాకు చూపించారు. వాడిపోయి ఉన్నా గుర్తుపట్టగలిగాను. అది అటికమామిడి కాదు. అంబటిమాడు. దానికీ గలిజేరు అనే పేరు ఉంది.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ‘పేరు సరిగానే చెప్పాం గదండీ’ అన్నారు. అవును, పేరు సరిగానే చెప్పారు. తప్పు రాసిన చేతిది. ఆకు చూపించకుండా పేరు రాశాను. ఆమె వాడుతున్న మాత్రను దృష్టిలో పెట్టుకొని పరిమాణం ఇంత అని గట్టిగా చెప్పలేదు. నా గురువుగారు ఉండి ఉంటే నెల రోజులు నాకు పాఠం ఉండేది కాదు.

ఆ మరునాడు రైతు బజారుకు వెళ్ళి ఆకుకూరల వరుసలన్నీ వెతికాను. వరుస చివర, భీమిలి వైపు పల్లె నుంచి వచ్చే ఒక ముసలమ్మ దగ్గర రెండు ఆకులూ విడివిడి కట్టలుగా ఉన్నాయి. కాగితంలోని ఆకు ఆమె ముందు పెట్టి, జరిగినది చెప్పాను. వైద్యుడినని కూడా చెప్పాను, సిగ్గుపడుతూనే.

‘ఇదేటి బాబూ, రెండూ ఒకటేనంటారేటి? కాడ రంగు సూసి మోసపోయినారు. ఆకు ఎనక్కి తిప్పి సూడండి’ అన్నది ఆమె.

తిప్పి చూశాను. అటికమామిడి ఆకు పై వైపు పచ్చగా, వెనుక వైపు బూడిద చల్లినట్లు తెల్లగా పాలిపోయి ఉంది. అంబటిమాడు ఆకుకు వెనుకా ముందూ అటువంటి తేడా లేదు. మందంగా, కండగలిగి, వేళ్ళ మధ్య నలిపితే నీరు ఊరింది. ఆమె ఆ తరువాత పువ్వులు చూపించింది. అటికమామిడికి కొమ్మ చివర సన్నని కాడలు చీలి, వాటి కొసలలో గసగసాలంత గులాబిరంగు పువ్వులు ఉన్నాయి. అంబటిమాడుకు పువ్వు కొమ్మ చివర లేదు. ఆకు కాడ మొదట, కణుపు దగ్గర ఒరలో దాక్కొన్నట్లు ఒక్కొక్కటిగా ఉంది, తెలుపో లేత గులాబియో. చివరికి ఆమె అటికమామిడి కాయలను నా ధోవతి అంచుకు అద్దింది. అవి జిగురుగా అంటుకొని వదలలేదు. ‘ఇది అంటుకుంటాది, అది అంటుకోదు. మా పిల్లలకి ఇలాగే సెప్పినాం’ అన్నది.

శాస్త్రంలో కూడా ఈ చిక్కు ఉన్నదే. భావప్రకాశ నిఘంటువు పునర్నవను తెల్లది, ఎర్రది అని రెండుగా చెప్పింది. ఏ పేరు ఏ మొక్కకు చెందుతుందో పండితులలో చర్చ జరుగుతూనే ఉంది. అంబటిమాడు కాడ కూడా కొన్నిచోట్ల ఎర్రగానే ఉంటుంది గనుక కాడ రంగు గుర్తు కానే కాదు. జంట ఆకులలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కావడం రెండింటిలోనూ ఉంది. అదీ గుర్తు కాదు. ఆకు వెనుక వైపు, పువ్వు ఉండే చోటు, కాయ జిగురు, ఈ మూడూ కలిపి చూడాలి. మొక్క స్వభావంలో మరొక భేదం ఉంది. అటికమామిడి వేసవిలో పైన ఎండిపోయినా లావైన వేరు నేలలో బ్రతికి ఉండి, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. పునర్నవ అనే పేరు అందువలననే సార్థకమైంది. అంబటిమాడు ఏటేటా విత్తనం నుంచి మొలిచే కలుపుమొక్క. అది విషమని భయపడనక్కరలేదు. లేత ఆకులను కూరగా తినడం ఉన్నదే. ముదిరిన ఆకును అతిగా తింటే విరేచనాలు అవుతాయి.

వీటితో పాటు గంగపాయల కూరను కూడా కలిపి పొరబడేవారు ఉన్నారు. తెలంగాణలో దీనిని గంగవాయిలి అంటారు. ఇది కూడా నేలను అంటి పాకుతుంది, కాడ ఎర్రగా ఉంటుంది. కాని పువ్వు పసుపుపచ్చ. ఆకు చిన్న చెంచా ఆకారంలో నున్నగా మెరుస్తూ, కొరికితే పుల్లగా ఉంటుంది. మూడు కట్టలూ ప్రక్కప్రక్కన పెట్టుకొని ఒక్కసారి చూసినవారు ఇక జీవితంలో పొరబడరు. బొమ్మలో చూసినవారికి ఆ హామీ ఇవ్వలేను.

ఓషధుల పేరు, రూపం మేకలు కాచేవారికి, గోవులు కాచేవారికి, వనవాసులకు తెలుసునని, అయితే పేరు, రూపం తెలిసినంత మాత్రాన వాటి వినియోగం తెలిసినట్లు కాదని చరకుడు సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. ఈ మాటను వైద్యులమంతా మా గొప్పతనానికి నిదర్శనంగా చెప్పుకొంటాం. ఆ ఉదయం నాకు దాని రెండవ వైపు కనిపించింది. వినియోగం తెలిసిన నేను రూపాన్ని పోగొట్టుకొని ఉన్నాను. ఆ రోజు నుంచి నా చీటీలలో ఆకు పేరు రాయడం మానివేశాను. కావలసినవారికి కట్ట చూపిస్తాను, లేక బజారుకు నాతో రమ్మంటాను.

వండే విధం, తినే పరిమాణం

ఆహారం మేలు చేయడానికీ, కీడు చేయడానికీ ఎనిమిది కారణాలను చరకుడు విమానస్థానంలో చెప్పాడు: పదార్థం యొక్క ప్రకృతి, దానికి చేసే సంస్కారం, మరొక పదార్థంతో కలయిక, పరిమాణం, పుట్టిన దేశం, కాలం, తినే నియమం, తినే మనిషి. ఇందులో దేశం, కాలం బజారులోనే తెలుసుకోవాలి. మిగిలినవి వంటింటిలో గృహిణి చేతిలో ఉన్నవి.

ఆకుకూరను ఉడికించి, నీరు పిండి, తగినంత నెయ్యి గాని నూనె గాని చేర్చి వండడం ప్రశస్తమని చరకుని అభిప్రాయం. ఉడికిన నీటిని పారబోస్తే కొన్ని విటమిన్లు పోతాయని నేటి పోషకాహార నిపుణులు అంటారు, అది నిజమే. కాని ఆ నీటితో ఆక్సలేట్లు కూడా కొంత పోతాయి. అందుచేత మూత్రంలో రాళ్ళు ఏర్పడే స్వభావం ఉన్నవారు పాలకూర, గంగపాయల, గలిజేరు జాతులను నీరు పిండి, తక్కువగా తినడం మంచిది. ఆ బాధ లేనివారు లేత మెంతికూరను, తోటకూరను పిండనక్కరలేదు. వానాకాలంలో ఏ ఆకునైనా వేరు దగ్గర మట్టి పోయేవరకు మూడు నాలుగు నీళ్ళలో కడిగి, ప్రతి ఆకు విడదీసి చూసుకొని, పూర్తిగా ఉడికించవలెను. ఈ ఋతువులో జఠరాగ్ని మందగించి ఉంటుంది గనుక అల్లం, జీలకర్ర, మిరియాలు, ఇంగువ తాలింపులో తప్పక ఉండవలెను.

అటికమామిడి పప్పు నలుగురికి ఇలా చేసుకోవచ్చు. ఒక గిద్దెడు పెసరపప్పు దోరగా వేయించి ఉడికించవలెను. ఒక గుప్పెడు లేత చిగుళ్ళు మాత్రమే తీసుకొని, సన్నగా తరిగి, వేరుగా ఉడికించి, పప్పులో కలపవలెను. నాలుగు మిరియాలు, అర చెంచా జీలకర్ర పొడి చేసి వేసి, నేతిలో ఇంగువ, కరివేపాకు తాలింపు పెట్టవలెను. ఉప్పు తగ్గించవలెను, పులుపు వేయనక్కరలేదు. వారానికి ఒకసారి చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా విధి. కాళ్ళ వాపు వ్యాధి కాదు, లక్షణం. గుండె, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడు, రక్తహీనత, రక్తనాళాల దోషం, కొన్ని మందులు, ఇందులో ఏది కారణమో పరీక్ష చేయించకుండా ఆకుతో సరిపెట్టుకోరాదు. ఒకే కాలు హఠాత్తుగా వాచి నొప్పి పుడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పునర్నవలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. తెల్ల గలిజేరు కషాయంతో డయాలిసిస్ తప్పిపోతుందని ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి నా దగ్గరకు వచ్చేవారికి నేను ఖండితంగా వద్దని చెబుతున్నాను. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలను ఒక వారం విపరీతంగా, మరొక వారం అసలు లేకుండా తినరాదు. మాత్ర పనిచేసే తీరు మారిపోతుంది. గర్భిణులు తెలియని ఆకు జోలికి పోరాదు. తినే మనిషి అని చరకుడు ఎనిమిదవ కారణంగా చెప్పింది ఇందుకే.

ఆ ముసలమ్మ దగ్గర నేను ఎన్నో ఏళ్ళు చదువుకొన్నానని చెప్పవచ్చు. పొన్నగంటి కూరలో పొలంగట్టుది, మురుగుకాలువది ఎలా గుర్తుపట్టాలో, అవిశె ఆకు ఏ రోజున చేదెక్కుతుందో, చామ ఆకు దురద పోవడానికి చింతపండు ఎప్పుడు వేయాలో ఆమె చెప్పినదే. నేను డబ్బు ఎక్కువ ఇవ్వబోతే తీసుకొనేది కాదు. మోకాళ్ళకు నూనె మాత్రం పట్టుకెళ్ళేది. 2020లో కరోనా కట్టడి తరువాత ఆమె రావడం మానుకొన్నది. ఆ చోట ఇప్పుడు కోడలు కూర్చొంటున్నది. కోడలి గంపలో తోటకూర, పాలకూర, గోంగూర, మెంతికూర తప్ప మరొకటి లేదు.

అటికమామిడి ఎందుకు తేవడం లేదమ్మా అని అడిగాను. ‘అడిగేవోళ్ళు నేరు బాబూ. తెస్తే సాయంత్రానికి వాడిపోతాది, గేదికెయ్యాల’ అన్నది. ఆమె మాటలో తప్పు లేదు. మన ఇళ్ళలో ఫోను మీద నొక్కితే ప్లాస్టిక్ సంచిలో వచ్చే ఆకులు నాలుగే. ఆ నాలుగు పేర్లే మన పిల్లలకు తెలుసు. పొలంలో మొక్కకు కొదవ లేదు, కోసేవారు లేరు. ప్రతి గురువారం రెండు కట్టలు నా కోసం తెమ్మని, అమ్ముడు పోకపోయినా నేనే కొంటానని చెప్పాను.

మొదటి గురువారం ఆమె తెచ్చిన కట్టలో సగం అంబటిమాడు ఉంది. ఆకు వెనక్కి తిప్పి చూపించాను. ‘మా అత్త ఉంటే కొట్టేసును’ అని నవ్వింది. రెండవ గురువారం ఒక్క రెమ్మ మాత్రమే తప్పు. మూడవసారి నుంచి నేను చూడవలసిన అవసరం రాలేదు.

మొన్న గురువారం నేను వెళ్ళేసరికి ఆమె ముందు ఉద్యోగానికి బయలుదేరిన ఒక అమ్మాయి నిలబడి ఉన్నది. భుజాన సంచి, చేతిలో ఫోను. నా కట్ట వైపు చూపించి, ‘ఇదేం ఆకండీ, పాలకూరలా లేదే?’ అని అడుగుతున్నది. కోడలు పేరు చెప్పలేదు. ఒక రెమ్మ తీసి, ఆకును వెనక్కి తిప్పి, ఆ అమ్మాయి అరచేతిలో పెట్టింది. ఆ రోజు నాకు ఒక్క కట్టే మిగిలింది.